పాత గోడ మన్ను

పోయిన వారం రేణుకమ్మను ఫోను చెవికి ఆనించుకుని, పొయ్యి మీద పప్పు పొంగి మంటలో పడుతున్నా చూడకుండా నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఫోను చేసింది సరోజ. ఏళ్ల తరబడి రేణుకమ్మ చేనులో కలుపు తీసిన మనిషి. ఈ మధ్య మొగుడు సాంసన్‌తో కలిసి రేణుకమ్మ కొడుకు శ్రవణ్ కుమార్ దగ్గరే పనికి పోతోంది. గద్వాలలో పాత కట్టడాలు కూలగొట్టించి, ఆ రాళ్లూ మట్టీ ట్రాక్టర్లతో ఎత్తిపోయించడం శ్రవణ్ పని. సరోజ చెప్పింది ఒక్క ముక్కే.

"అక్కా, మీ పెరట్ల ఆ మన్ను మీద మొలిసిన కూర తినకుండ్రి. పూజకైతె అసలే పెట్టకుండ్రి."

ఎందుకని అడిగేలోగా ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పూజ రేణుకమ్మ కోడలు. ఇప్పుడు ఏడో నెల.

మాడిన పప్పు గిన్నె దించి, రేణుకమ్మ చీర మార్చుకుంది. సరోజ ఉండేది ఇటిక్యాలలో. ఆటోలో పోతే ఎంతో దూరం కాదు. బయలుదేరే ముందు పూజతో, "ఇయ్యాల కూర తెంపకు బిడ్డా. నేనొచ్చినంక ఏదన్న వండుత," అంది.

"ఎందుకత్తమ్మా, చుక్కకూరకు దిష్టి తగిలిందా?" అని నవ్వింది పూజ. నవ్వుతూనే కొంగుతో మూతి తుడుచుకుంది. ఈ మధ్య ఆ పిల్లకు నోట్లో ఒకటే నీళ్లూరుతున్నాయి. పుల్లటి దాని మీద మనసు పోతోందని రేణుకమ్మ రోజూ చుక్కకూరో పుంటికూరో వండి పెడుతోంది.

ఎందుకో తనకే తెలియని మాట కోడలికి ఏమని చెబుతుంది? ఏమీ చెప్పకుండానే ఆటో ఎక్కింది.

రోడ్డుకు రెండు పక్కలా అక్కడక్కడ కుప్పలు కనిపిస్తున్నాయి. పగిలిన ఇటుకలు, బండ ముక్కలు, ఇనుప చువ్వలు పీక్కున్న స్లాబు పెళ్లలు, విరిగిన కమోడు ఒకటి. వాటిలో తన కొడుకు పోయించినవి ఎన్నో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది రేణుకమ్మకు. వెంటనే ఆ మన్ను తన పెరట్లోకి వచ్చిన రోజు గుర్తొచ్చింది.

పాత ఇల్లు పడిపోతే దాని గోడల మన్ను చేలోకి తోలుకోవడం ఈ మెట్ట ఊళ్లలో తాతల నాటి అలవాటు. మనుషుల ఊపిరి, పశువుల వేడి, పొయ్యి పొగ, పేడ అలుకు అన్నీ పీల్చుకుని ఉంటుంది ఆ గోడ. ఆ మన్ను ఒక బండెడు పడితే ఎరువు బస్తా అక్కర్లేదని రేణుకమ్మ అత్త అనేది. అందుకే వానలు మొదలైన రోజుల్లో ఇంటి ముందు నుంచి సాంసన్ శ్రవణ్ ట్రాక్టరు తోలుకుపోతుంటే రేణుకమ్మ చెయ్యెత్తి ఆపింది. ట్రాలీ నిండా నల్లటి మన్ను.

"గోడ మన్నేనా సాంసన్?"

"గోడ మన్నే అక్కా."

"ఈ ట్రిప్పు మా పెరట్ల వోసి పో."

అప్పుడు సాంసన్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు. ట్రాక్టరు వెనక్కి తిప్పడానికి జాగా చూసుకుంటున్నాడేమో అనుకుంది. ఆ మన్ను మీద కూరలు ఎంత ఏపుగా వచ్చాయంటే వీధిలో వాళ్లంతా చూసి పోయారు.

* * *

సరోజ ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. అరుగు మీద కూర్చున్న సాంసన్ రేణుకమ్మను చూడగానే లేచి, ఎటు పోవాలో తోచనట్టు నిలబడ్డాడు.

"కూసో అక్కా. చాయ్ తాగుతవా?"

"సరోజ ఏది?"

సరోజ లోపలి నుంచి వచ్చింది. రెండు చేతులకూ మణికట్ల దాకా పాత నూలు గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీదికి నూనె మరకలు తేలాయి. కుర్చీ జరపడానికి మోచేత్తో నెట్టింది.

"చేతులకేమయ్యిందే?"

"పుండ్లు. దవాఖానల మందిచ్చిన్రు. తోలు ఊడుతుంది. మల్ల వస్తదంట."

"ఎప్పటి సంది?"

"పనిల ఉన్నప్పటి సంది. మొదాలు ఊకె గుంజినట్ల అయితుండె."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పనీకె ఫోను జేసిన గదా."

"సగం చెప్పి పెట్టేసినవ్."

"నేను పెట్టలే. ఆయన గుంజుకున్నడు," అని సరోజ మొగుడి వైపు చూడకుండానే గడ్డం ఎత్తి చూపించింది.

సాంసన్ తల గోక్కున్నాడు. "జర మెల్లగ మాట్లాడుండ్రి. పక్కింటోళ్లు ఇంటరు."

"ఇననియ్యి," అంది రేణుకమ్మ. "ఆ మన్ను యాడిది?"

"పాత గోడలదే. నేనైతె అబద్ధం చెప్పలే అక్కా."

"యాడి గోడలు?"

గోడ మీద ఏసుప్రభువు క్యాలెండరు గాలికి కదులుతోంది. సాంసన్ దాన్నే చూస్తున్నాడు.

"చెప్పు," అంది సరోజ. "నువ్వు చెప్పకుంటె నేను చెప్త. నీకేమొ అక్క కొడుకు రేపు పనికి పిలుస్తడొ పిలువడొ అని పరేషాను. నేను ఈ చేతులతోని అన్నం గూడ తినలేకపోతున్న. నాకేం భయం?"

"భయం కాదే..."

"మరేంది?"

సాంసన్ అరుగు అంచున కూర్చున్నాడు. మాట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు మోకాళ్లు రుద్దుకున్నాడు.

"గద్వాల బయట ఒక సేటుది గోదాము ఉండె అక్కా. ముందుగల్ల అది ఇల్లేనంట. మట్టి గోడలు, కింద రాతి కట్టు. తర్వాత సేటు తీసుకొని పురుగుమందులు నింపిండు. పత్తి చేండ్లకు గొట్టే మందులు. ఎన్నేండ్ల సంది పెట్టిండ్రొ ఎవ్వలికి తెల్వదు. డబ్బాలు కారి కారి నేలంత నల్లగై ఉండె. గోడలు గూడ నడుము ఎత్తు దాంక చెమ్మ. గడ్డపార ఏస్తె వాసన గుప్పుమనె."

"ఏం వాసన?"

"మందు గొట్టే దినం చేను కాడ ఎట్లుంటది? గట్లనే. కాని చేనుల గాలి ఉంటది. ఈడ గాలి లేదు."

"ఆయన మొదటి దినం నాకేం జెప్పిండొ తెల్సునా అక్కా?" అంది సరోజ. "ఇంత పెద్ద గోదాముల ఒక్క ఎలుక గూడ లేదే, పాము భయం గూడ ఉండదు అని సంబరవడ్డడు. ఎలుక ఎందుకు లేదో ఆలోచన చెయ్యలే. తలకాయ ట్రాక్టర్ల పెట్టి వచ్చిండు."

రేణుకమ్మకు నవ్వు రాలేదు. నల్లగా ఉన్న ఆ మన్నును చూసి ఎంత బలమైన మన్నో అనుకుని, పిడికిట్లోకి తీసుకుని వాసన చూసింది తను. ఘాటుగా ఉంటే పశువుల కొట్టం గోడేమో అనుకుంది.

"శ్రవణ్‌కు తెల్సా?"

మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అడుగుతున్న గదా. నా కొడుక్కు తెల్సా?"

"మూతికి గుడ్డ కట్టుకోమన్నడు," అన్నాడు సాంసన్. "ఈడి మన్ను అని ఎవ్వలికి చెప్పొద్దన్నడు."

"తెలిసే నా ఇంట్ల వోసినవా?"

అప్పుడు సాంసన్ తలెత్తాడు. అతని కళ్లలో కోపం ఉంది. భయపడుతూ వచ్చిన కోపం.

"నువ్వు ఆపినవ్ అక్కా. నడి బజార్ల చెయ్యి అడ్డం పెట్టి ఆపినవ్. మీ పిలగాడేమొ ఎవ్వలికి చెప్పొద్దంటడు. నువ్వేమొ వొయ్యమంటవ్. పని మీది, ట్రాక్టరు మీది, ఇల్లు మీది. నేను ఎవ్వలి మాట ఇనాలె? ఎండకు మందు ఇగిరిపోతదిలే అనుకున్న. పూల చెట్లు పెడ్తదేమొ అనుకున్న. కూర ఇత్తులు అలుకుతవని నాకేం తెల్సు?"

"అలికినంక చూసినవ్ గదా. కూర కట్టలు గట్టి మీకు గూడ పంపిన గదా."

ఆ మాటకు సరోజ తల దించుకుంది.

"పంపినవ్," అంది చిన్నగా. "నేను వండలే అక్కా. గుంత తీసి పూడ్చిపెట్టిన."

పక్కింట్లో మిక్సీ తిరిగి ఆగింది.

"పూడ్చిపెట్టినవా," అంది రేణుకమ్మ. "మీ ఇంట్ల వండొద్దని తెల్సింది. మా ఇంట్ల వండొద్దని నోరు రాలే."

"రాలే అక్కా. ఏమనాల్నొ అను. పడ్త."

"మరి ఇయ్యాల ఎట్లొచ్చింది?"

సరోజ గుడ్డ చుట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మొన్న బీచుపల్లి గుడి కాడ పూజ కనవడ్డది. ఆటో కోసం నిలవడ్డది. చలి గాలి కొడ్తుంటె గూడ మొఖమంత చెమటలు. మాటి మాటికి కొంగుతోని మూతి తుడుచుకుంటుంది. ఏంది బిడ్డా అంటె, నోట్ల నీళ్లు ఆగుతలేవు పెద్దమ్మా, అత్తమ్మ నాకు పుల్లటిదే ఇష్టమైతుందంటది అని నవ్వింది." సరోజ దగ్గరికి జరిగింది. "అక్కా, నాకు గూడ గట్లనే అయ్యింది. గోదాముల పని నడిచినన్ని దినాలు. ఉమ్మి మింగలేకపోయిన. చెమటలు, చేతులు వణుకుడు. నేనేం కడుపుతోని లేను గదా."

రేణుకమ్మ కుర్చీ లోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది.

నోరూరడం. పిల్లకు పులుపు కావాలి కాబోలని తను మురిసిపోవడం. ఒక కట్టకు రెండు కట్టలు కోయడం. ఎంత ఊరితే అంత పెట్టింది.

సరోజ ముందుకు వంగి ఆమె భుజానికి తన భుజం ఆనించింది. చేత్తో తాకలేదు.

"దవాఖానకు తీస్కపో అక్కా. తిట్టుడు తర్వాత తిడుదువు."

* * *

ఆటోలో ఫోను చేస్తూనే ఉంది. పూజ ఎత్తలేదు. ఇల్లు చేరేసరికి వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది.

"వండిన అత్తమ్మా," అంది పూజ. "ఎండల వడి వస్తవ్, మల్ల పొయ్యి కాడ నిలవడ్తవా అని. చుక్కకూర పప్పు. నేను జర తిన్న గూడ. ఆగలే."

రేణుకమ్మ గిన్నె ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. పారబోయడానికి చెయ్యి చాచి ఆగిపోయింది. ఇక్కడ పోస్తే కోళ్లు తింటాయి. మోరీలో పోస్తే వీధిలోకి పోతుంది, వీధి చివర కుంటలో కలుస్తుంది. పెంటకుప్ప మీద వేస్తే ఎండాకాలం చేలోకి పోతుంది. వేడి గిన్నె చేతులు కాలుస్తోంది. దాన్ని పట్టుకుని ఆ పచ్చటి మడి అంచున నిలబడింది. ఇంట్లోంచి వద్దనుకున్నదాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. ఆఖరికి మూత పెట్టి, గుడ్డతో గట్టిగా కట్టి, బీరువా మీద పెట్టింది.

"ఏమే, కూరను ఏంది బంగారం లెక్క పైన వెట్టినవ్?" అన్నాడు భర్త అనంతయ్య.

రేణుకమ్మ పూజను మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, సరోజ చెప్పిందంతా చెప్పింది. దాచలేదు. కొడుక్కి తెలుసన్న ఒక్క మాట మాత్రం నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

పూజ ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట కింద పెట్టి పట్టుకుంది, జారిపోయే దేన్నో ఆపుతున్నట్టు.

"నిన్న గూడ తిన్న. మొన్న గూడ. రోజూ తిన్న గదత్తమ్మా."

"లే బిడ్డా. పోదాం."

* * *

గద్వాల ఆసుపత్రిలో డాక్టరమ్మ నిదానంగా వింది. పూజ కళ్లలో టార్చి వేసి చూసింది, చేతులు చాపమని వేళ్ల వణుకు చూసింది. కడుపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. ఆమె ముఖంలో ఏముందో రేణుకమ్మకు అర్థం కాలేదు.

"బిడ్డ గుండె కొట్టుకుంటోంది," అంది. "కానీ ఈ లక్షణాలు నాకు నచ్చలేదు. అక్కడ ఏ మందు ఉండేది?"

అప్పటికే కబురంది శ్రవణ్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చొక్కా మీద సున్నం దుమ్ము ఉంది.

"ఏం లేదు మేడం. మామూలు మట్టే. మా అమ్మ ఊకె భయపడ్తది."

"మామూలు మట్టి కాదమ్మా," అంది రేణుకమ్మ. కొడుకు వైపు చూడలేదు. "పురుగుమందుల గోదాము గోడలు. ఈయననే కూలగొట్టించిండు. ఈయనకు తెల్సు."

పూజ మెల్లగా తల తిప్పి మొగుణ్ని చూసింది.

"మందు పేరు కావాలి," అంది డాక్టరమ్మ. "పేరు తెలియకుండా ఏది ఇచ్చినా చీకట్లో రాయి వేసినట్టే. ఆ గోదాము ఆయన్ని అడగండి. ఇప్పుడే."

శ్రవణ్ తల్లి మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చాడు. అతని పట్టు ఆమెకు నొప్పి పెట్టింది. తను అంత గట్టిగా పట్టుకున్నానని అతనికి తెలియదు.

"సేటుకు ఫోను చెయ్యి," అంది.

"చేసి ఏమనాలె? ఎందుకు అడుగుతున్నవంటడు. మన్ను యాడ వోసినవంటడు. నేను రాసిచ్చిన, ఊరి బయట ఎవ్వలు లేని జాగల పూడుస్త అని."

"ఎందుకు పూడ్వలే?"

"ఏ జాగ?" శ్రవణ్ ఆమె మోచెయ్యి వదిలేశాడు. "నువ్వు చూపియ్యి. అందరు కొత్త ఇల్లు కట్టుకుంటుండ్రు, పాతది పీకేయ్ శ్రవణ్ అంటరు. పీకినంక ఆ మట్టి యాడ వెయ్యాల్నొ ఒక్కలు చెప్పరు. వాగుల వోస్తె రైతులు కొట్టనీకె వస్తరు. రోడ్డు మీద వోస్తె ఫోటోలు దీస్తరు. ఆఫీసుల అడిగితె జాగ చూస్తున్నం అంటరు, చూస్తనే ఉన్నరు. ట్రాలీ నింపుకొని దినమంత తిరిగిన నేను."

"అవన్ని నాకొద్దు. మన ఇంట్ల పడ్డదని చెప్పి పేరడుగు. మీ అమ్మ తెలివి తక్వదని చెప్పు. నా మీద పెట్టుకో."

"ఇంట్ల పడ్డది ఒక్క ట్రిప్పే గదమ్మా."

అతను ఆ మాట అనాలని అనలేదు. నోరు జారింది. వెంటనే కిటికీ వైపు తిరిగాడు.

రేణుకమ్మకు పొద్దుటి నుంచీ ఆ ఒక్క ట్రిప్పే కళ్ల ముందు ఉంది. గోదామంటే ఎన్ని గోడలు, ఎంత నేల, ఎన్ని ట్రాలీలు. సాంసన్‌ను అడగాలన్న ఆలోచనే రాలేదు.

"మిగిలింది యాడ వోసినవ్?"

శ్రవణ్ కిటికీ ఊచ మీద తుప్పు గోటితో గీకుతున్నాడు.

"శ్రవణ్."

"బావిల."

"ఏ బావిల?"

"మన చేను బావిల. పూజకు నెల తప్పినప్పుడు నువ్వే అన్నవ్ గదా, రేపు పోరగాళ్లు ఆడుకుంటరు, ఆ పాడు బావి పూడ్చెయ్ అని. రాతి ముక్కలు పైన వోసిన. కింద..."

ఇక చెప్పనక్కర్లేదు. పూడ్చిన బావికి పదడుగుల అవతల బోరు ఉంది. ఆ బోరు నుంచి పైపు నేరుగా ఇంటి వంటింట్లోకి వస్తుంది. బావి పూడిన రోజు రేణుకమ్మ అక్కడ కొబ్బరికాయ కొట్టి, ఇక భయం లేదని ఇంటికి వచ్చింది.

తెర వెనక నుంచి నర్సు గొంతు వినిపించింది.

"మూత్రం పరీక్షకు ఇయ్యాలమ్మా. రాకుంటె బాగ నీళ్లు తాగు. నీళ్లు ఉన్నయా, తెప్పియ్యాల్నా?"

"ఉన్నయ్ సిస్టర్," అంది పూజ. మూత తిప్పిన చప్పుడైంది. "మా ఇంటియే తెచ్చుకున్న."